గరిటె గురువారం మాత్రమే

ఏటిగట్టుపురం మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి పిల్లలకు వారాలు రావడం లేదు. పేర్లు వచ్చు, వరస రాదు. సోమవారం తరవాత ఏమిట్రా అంటే ఆదివారం అంటారు. మంగళవారం తరవాత ఏమిట్రా అన్నా ఆదివారమే అంటారు. పిల్లల కోరికలో తప్పు లేదు గానీ, అధికారులు వచ్చి అడిగితే ఆ జవాబు పనికిరాదు. ఆ తరగతి పంతులమ్మ ప్రసూతి సెలవు మీద వెళ్ళడంతో ఈ బాధ్యత డ్రాయింగ్ మాస్టారు ఏడుకొండలు నెత్తిన పడింది.

ఏడుకొండలుకి పాఠం చెప్పడం చేతకాదు, బొమ్మ వెయ్యడం వచ్చు. అందుకని నాలుగు డ్రాయింగు షీట్లు మడిచి, మధ్యలో దారం కుట్టి, రంగులతో ఒక పుస్తకం తయారుచేశాడు. అందులో నాయిక ఒక గేదె. పక్కింటి పిచ్చయ్య గేదెను చూసే గీశాడు. దాని పేరు గౌరి. పేరుకే గౌరి, ఆ వీధిలో అది పొడవని మనిషి లేడు. తన బొమ్మ గీస్తున్నాడన్న గౌరవం కూడా లేకుండా ఏడుకొండలుని కంచె మీదుగా ఒక కుమ్ము కుమ్మింది. ఆ భయం వల్లనో ఏమో, పుస్తకంలో మాత్రం దాన్ని మహా సాధువుగా వేశాడు. నడుముకు కొంగు చుట్టి, కొమ్ములకు రిబ్బన్లు కట్టి, వారమంతా దాని చేత ఇంటి చాకిరీ చేయించాడు. ప్రతి బొమ్మ కిందా ఒక పాట ముక్క రాశాడు.

సోమవారం సబ్బుతో బట్టలుతికే గేదె
మంగళవారం మసి బూజు దులిపేసే గేదె
బుధవారం బుట్టతో సంతకెళ్ళే గేదె
గురువారం గరిటెతో గంజి వార్చే గేదె
శుక్రవారం శీకాయతో తలంటుకునే గేదె
శనివారం సూదితో చినుగులు కుట్టే గేదె
ఆదివారం అబ్బ అని బురదలో పడే గేదె

ఆ రాత్రి పుస్తకం భార్య నాంచారమ్మకు చూపించాడు. నాంచారమ్మకు బస్టాండు ఎదురుగా ఇడ్లీ బండి ఉంది. ఊళ్ళో ఏడుకొండలుని డ్రాయింగ్ మాస్టారుగా ఎరిగినవాళ్ళ కంటే ఇడ్లీ నాంచారమ్మ మొగుడిగా ఎరిగినవాళ్ళే ఎక్కువ. ఆవిడ చేతులు తుడుచుకుని ఒక్కో బొమ్మా చూసి నవ్వింది.

"బాగానే ఉంది గానీ, నీ గేదె అంట్లు తోమలేదేందయ్యా?"

"అంట్లకి వారం కలవలేదే. అక్షరం కుదరాలి గదా."

"కుదరదులే. అంట్లకి వారమేంది, రోజూ నేను తోమాల్సిందే," అని ఆవిడ పప్పు నానబొయ్యడానికి లేచిపోయింది.

పిల్లలు మాత్రం ఆ పాటను ఒక్క పూటలో పట్టేశారు. 'అబ్బ' అన్నప్పుడు తరగతి తరగతంతా నేల మీద దొర్లేది. వారాలు వరసగా వచ్చేశాయి. కథ అక్కడితో అయిపోవలసింది. కానీ ఒక మంచి పని దాని చోట అది పడి ఉంటే చూసి ఊరుకునే ఓపిక మన ప్రభుత్వ కార్యాలయాలకు ఎన్నడూ లేదు.

మునిసిపల్ కమిషనర్ విద్యానాథం బడి తనిఖీకి వచ్చాడు. ఆయన అప్పుడే రాజధానిలో 'పౌర జీవన క్రమబద్ధీకరణ' మీద శిక్షణ పొంది, ఒక నల్ల సంచీ, ఒక స్టీలు నీళ్ళ సీసాతో తిరిగొచ్చాడు. శిక్షణ ఇంకా ఒంట్లో వేడిగానే ఉంది. పిల్లలు పాట పాడి దొర్లారు. కమిషనర్ కళ్ళు చెమర్చాయి.

"ఈ గ్రంథకర్త ఎవరు?" అన్నాడు.

ఏడుకొండలు భయం భయంగా చెయ్యెత్తాడు.

"మాస్టారూ! మీరు దీన్ని పుస్తకం అనుకుంటున్నారా? ఇది పుస్తకం కాదు, పరిపాలన. ఊళ్ళో అందరూ అన్ని రోజులూ అన్ని పనులూ చేస్తున్నారు. అందుకే అన్ని రోజులూ నీళ్ళు కావాలంటారు, అన్ని రోజులూ చెత్త ఎత్తాలంటారు, అన్ని రోజులూ మా ఆఫీసు ముందు ధర్నా. మీ గేదెను చూడండి. ఎంత క్రమశిక్షణ! వంటను గురువారానికి కేటాయించడంలో మీరు పాటించిన శాస్త్రీయ ప్రాతిపదిక ఏమిటి?"

"గురువారానికి గరిటె కలిసింది సార్. గు... గ... అట్టా."

కమిషనర్ వెనక్కి తిరిగి సూపరింటెండెంట్ దక్షిణామూర్తితో అన్నాడు. "రాసుకోండి. ధ్వనిశాస్త్ర ప్రాతిపదిక."

దక్షిణామూర్తి రాసుకున్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో పైవాళ్ళు ఏం చెప్పినా రాసుకోవడమే గానీ, ఎందుకని అడగని ఉద్యోగి ఆయన. అందుకే ఇన్నేళ్ళూ ఆయన కుర్చీ కదల్లేదు.

పుస్తకం మునిసిపాలిటీ ఖర్చుతో రంగుల్లో అచ్చయింది. అట్ట మీద 'మూలకర్త: ఏడుకొండలు' అని పడింది. టౌన్ హాల్లో శాలువా కప్పారు. మూలకర్త చేతి బొమ్మ తప్ప మరేదీ ప్రమాణం కాదని కమిషనర్ సభలో ప్రకటించాడు. జీవితంలో మొదటిసారి ఎవరో తన బొమ్మను బొమ్మకంటే పెద్దదిగా చూశారని ఏడుకొండలు పొంగిపోయాడు. శాలువా విప్పకుండానే ఇంటికి వచ్చాడు, భోజనం కూడా శాలువాతోనే చేశాడు. "చెమట పడతంది, తియ్యవయ్యా," అని నాంచారమ్మ అన్నా వినలేదు.

మర్నాడు మైకు కట్టిన ఆటో వీధివీధీ తిరిగింది.

"పురప్రజలకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, 'వారబద్ధ పట్టణం' పథకము క్రింద ఒక్కొక్క దినమునకు ఒక్కొక్క పని నిర్ణయించడమైనది. సదరు పనిని సదరు దినముననే చేయవలెను. ఇతర దినములలో చేయువారును, పుస్తకములో లేని పని చేయువారును శిక్షార్హులు. సందేహములున్న యెడల గేదెను చూడవలెను."

జనం మొదట నవ్వారు. సోమవారం తప్ప మిగతా రోజుల్లో ఉతుకుడు నీళ్ళు ఆగిపోయాక నవ్వు కొంచెం తగ్గింది. శుక్రవారం తప్ప స్నానాల నీళ్ళూ ఆగిపోయాయి. బోరింగులకు తాళాలు పడ్డాయి. తాగే నీళ్ళ విషయంలో గేదె మౌనంగా ఉంది కాబట్టి, మానవతా దృక్పథంతో ఇంటికి రెండు బిందెలు వదిలారు.

వంట గురువారం. ఒక్క రోజే వారానికి సరిపడా వండి పెట్టుకోవాలి. ఫ్రిజ్ ఉన్నవాళ్ళు పెద్దమనుషులైపోయారు, లేనివాళ్ళు వాళ్ళ గడప ముందు గిన్నెలతో నిలబడ్డారు. శనివారానికి పప్పు బుడగలేసేది. బుధవారం నాటికి మూత తీస్తే మనిషిని పలకరించేలా ఉండేది. ఎవరైనా మధ్యలో దొంగతనంగా పొయ్యి వెలిగిస్తారేమోనని వాసన తనిఖీ బృందం ఒకటి ఏర్పాటైంది. జీపు డ్రైవరుకు ముక్కు చురుకని పేరుంది, అతణ్ణే దానికి నాయకుణ్ణి చేశారు. తాలింపు వాసన ఏ కిటికీలోంచి వచ్చినా జీపు ఆగేది.

ఒక పసివాడు మంగళవారం నాడు పక్క తడిపాడు. తల్లి గుడ్డ జాడించింది. సోమవారం పనిని మంగళవారం చేయించినందుకు అసలు బాధ్యుడు ఆ పసివాడేనని దక్షిణామూర్తి తేల్చాడు. 'ముద్దాయి ఉయ్యాలలో నిద్రించుచున్నందున సంజాయిషీ అందలేదు' అని పైకి నివేదించాడు.

బూజుల దగ్గర అసలు చిక్కు వచ్చింది. పుస్తకం ప్రకారం మంగళవారమే దులపాలి. ఆచారం ప్రకారం మంగళవారం దులపనే కూడదు. ఏడుకొండలు వీధిలోనే ఉండే పేరిందేవమ్మ అనే ముసలావిడ కర్ర పుచ్చుకుని గుమ్మానికి అడ్డం కూర్చుంది. "మంగళారం పూట బూజు దులిపితే లచ్చిందేవి లేచి పోద్దిరా నాయనా! నా పానం పోయినా దులపను. రేపు దులుపుతా."

"రేపు దులిపితే కేసు అవ్వా."

"అయితే అసలుకే దులపను పో."

ఊరంతా ఆవిడ దారే పట్టింది. ఆ రోజుల్లో ఏటిగట్టుపురంలో సుఖపడిన ప్రాణి సాలెపురుగు ఒక్కటే.

గేదె ఏ రోజూ క్షవరం చేయించుకోలేదు కనుక మంగలి షాపులు మూతపడ్డాయి. అంట్లు తోమినట్టు బొమ్మ లేదు కనుక తోమడం నేరమైంది. జనం విస్తళ్ళలో తిన్నారు. తోమడం నేరమన్న మాట విన్ననాడు నాంచారమ్మ మొగుడి వైపు చూసిన చూపు ఏడుకొండలుకి చాలా రోజులు గుర్తుంది. మునిసిపల్ ఉద్యోగులు కూడా పుస్తకం ముందేసుకుని కూర్చుని, గేదె వారంలో ఏ రోజూ ఫైలు చూడలేదని కనిపెట్టారు. ఆ నిబంధన మాత్రం మొదటి రోజు నుంచీ నూటికి నూరు పాళ్ళు అమలైంది.

'గ్రంథకర్త' అన్న నోళ్ళే ఇప్పుడు 'గేదె మాస్టారు' అంటున్నాయి. గడ్డాలు పెరిగిన మగవాళ్ళు ఏడుకొండలుని వీధి మలుపులో ఆపి, "శనివారానికి సూది గాక ఇంకేం దొరకలేదంటయ్యా నీకు?" అని నిలదీసేవాళ్ళు. ఎండ లేకపోయినా అతను గొడుగు అడ్డం పెట్టుకుని బడికి పోయేవాడు. అయినా లోపల్లోపల అతనికి ఇంకా కొంచెం గర్వంగానే ఉండేది. అబద్ధమెందుకు, శాలువా ఇంకా దండెం మీదే వేలాడుతోంది.

ఆ గర్వం ఒక బుధవారం నాడు పోయింది.

నాంచారమ్మ ఈ నిబంధన ఇళ్ళకే గానీ బండ్లకు కాదనుకుంది. అయినా ఎందుకైనా మంచిదని తెల్లవారకముందే పిండి పోసి, తెల్లారేసరికి దించేసేది. బస్సు దిగినవాళ్ళు గుట్టుగా తిని పోయేవాళ్ళు. ఇడ్లీకి తాలింపు లేదు గదా, ముక్కుకు ఎలా దొరుకుతుందని ఆవిడ ధీమా. చట్నీ సంగతి మరిచిపోయింది. జీపు వచ్చి ఆగింది. జప్తు చెయ్యడం ఏ రోజు పని అని బృందంలోవాళ్ళు కాసేపు తర్జనభర్జన పడి, వస్తువు తేవడం సంత కిందికి వస్తుందనీ, అది బుధవారమే గనక సక్రమమేననీ తేల్చుకున్నారు. బుట్ట తెచ్చి మరీ ఇడ్లీ గిన్నెను అందులో పెట్టుకుపోయారు.

అది మామూలు గిన్నె కాదు. నాంచారమ్మ తల్లిది, మందపాటి ఇత్తడి గిన్నె, మూత మీద ఒక సొట్ట. మొగుడు పోయాక ఆ తల్లి ఆ గిన్నెతోనే కూతుర్ని పెంచింది. నాంచారమ్మ రోజూ దాన్ని పొయ్యి మీద పెట్టేముందు కళ్ళకద్దుకునేది.

ఏడుకొండలు బడి నుంచి వచ్చేసరికి ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"నీ గేదె నా గిన్నె తీసుకుపోయింది మాస్టారూ," అంది. "అది తెచ్చిందాకా నాతో మాట్లాడమాక."

అంతే. ఆ తరవాత నిజంగానే మాట్లాడలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ నోరు ఆగడం అతను చూడలేదు. పొద్దున మొదలుపెడితే పక్క ఎక్కిందాకా బస్టాండు సంగతులన్నీ ఒకటొకటిగా వచ్చేవి. ఎన్నోసార్లు విసుక్కున్నాడు కూడా. ఇప్పుడు ఇంట్లో గడియారం చప్పుడు వినిపిస్తుంటే అతనికి అన్నం దిగలేదు. గురువారం వండింది కాబట్టి ఎలాగూ దిగేది కాదు, కానీ ఆ వేళ దిగకపోవడం దుఃఖం వల్లనే. దండెం మీది శాలువా తీసి పెట్టె అడుగున కుక్కేశాడు.

మర్నాడు మునిసిపల్ ఆఫీసుకు పోయాడు. దక్షిణామూర్తి వరండాలో బల్ల మీద గంజి వారుస్తున్నాడు. గురువారం కదా.

"అయ్యా, మా ఆడమనిషి గిన్నె..."

"పుస్తకం చూశాను మాస్టారూ. గేదె సంత నుంచి వస్తువు తెచ్చినట్టు ఉంది. తిరిగి ఇచ్చినట్టు బొమ్మ లేదు."

"నేనే గదయ్యా వేసింది! ఇంకో బొమ్మ వేస్తా."

"వేసి అయ్యగారి ఆమోదం పొందండి," అని దక్షిణామూర్తి గంజి వైపు తిరిగాడు.

ఏడుకొండలు ఆ మధ్యాహ్నమే, గేదె రోజూ వంట చేసుకుంటున్నట్టు ఒక బొమ్మ గీసుకుని కమిషనర్ ముందు పెట్టాడు. విద్యానాథం దాన్ని ముట్టుకోలేదు. ఆయన బల్ల మీద ఒక ఉత్తరం ఉంది. ఆదర్శ పట్టణ పురస్కార కమిటీ వచ్చే ఆదివారం ఏటిగట్టుపురానికి వస్తోంది.

"సార్, అదంతా పిల్లల్ని నవ్వించడానికి వేసింది సార్."

"హాస్యమని తమరు అట్ట మీద ముందుగానే ప్రకటించి ఉండవలసింది. ఇప్పుడు కాలాతీతమైంది. పైగా ఈ కొత్త బొమ్మలో స్వప్రయోజనం కనబడుతోంది. తమ శ్రీమతిగారి ఇడ్లీల కోసం ఒక పట్టణం క్రమశిక్షణను బలిపెట్టలేము మాస్టారూ."

ఏడుకొండలు బొమ్మ చుట్టుకుని ఇంటికి వచ్చాడు. లోపలికి పోవడానికి మనసొప్పక పెరటి కంచె దగ్గర నిలబడ్డాడు. అవతల పిచ్చయ్య గేదె బురద గుంటలో మెడదాకా మునిగి, లోకంతో పని లేనట్టు నెమరేస్తోంది. కళ్ళు సగం మూసింది. ఒక చెవి మాత్రం ఆడిస్తోంది. దాన్ని చూస్తూ చూస్తూ ఏడుకొండలు ఉన్నట్టుండి తొడ చరుచుకున్నాడు. ఆ చప్పుడికి గౌరి తలెత్తితే చటుక్కున వెనక్కి గెంతాడు.

మళ్ళీ కమిషనర్ దగ్గరికి పరుగెత్తాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు.

"సార్, మూలకర్తగా ఒక లోపం విన్నవించుకోవాలి. ఏడో పేజీ అమలు కావడం లేదు."

"ఏడో పేజీ?"

"ఆదివారం అబ్బ అని బురదలో పడే గేదె."

విద్యానాథం నవ్వాడు. "అది అలంకారం మాస్టారూ. విశ్రాంతికి సంకేతం."

"చిత్తం. అయితే గురువారం గరిటె కూడా అలంకారమే గదా సార్? ఒక పేజీ అలంకారమైతే అన్నీ అలంకారాలే. రేపు కమిటీవాళ్ళు పుస్తకం చేత్తో పట్టుకుని, బురద ఏదండీ అంటే ఏం చెప్తారు? ఊరికి మీరే పెద్దదిక్కు. మీరు దిగకపోతే ఊళ్ళో ఎవడు దిగుతాడు?"

కమిషనర్ బల్ల మీది ఉత్తరం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. పురస్కారం అందుకున్నవాళ్ళను రాజధానికి తీసుకుంటారని శిక్షణలో ఎవరో ఆయన చెవిన వేశారు.

"బురద... ఎంత లోతు ఉండాలి?" అన్నాడు చివరికి.

"బొమ్మలో మెడదాకా ఉంది సార్."

ఆదివారం పొద్దున బస్టాండు వెనకాల గుంట చుట్టూ షామియానా వేశారు. పూడుస్తామని మునిసిపాలిటీ ఏటా మాట ఇచ్చి ఏటా మరిచిపోయే గుంట అది. మరిచిపోవడం వల్ల కూడా మేలు జరుగుతుందని ఆ రోజు రుజువైంది. కమిటీ అధ్యక్షురాలు లలితాంబ కళ్ళజోడు సవరించుకుని ముందు వరసలో కూర్చుంది. ఏ పథకాన్నయినా చివరి అక్షరందాకా చదివే మనిషని ఆవిడకు పేరు. విద్యానాథం తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటుతో గుంటలోకి దిగాడు. వెనకాల దక్షిణామూర్తి, ఆ వెనక తక్కిన సిబ్బంది. మెడదాకా మునిగాక, ఏడుకొండలు ఒడ్డు మీంచి గుర్తుచేశాడు.

"సార్, అబ్బ."

"అబ్బ," అన్నాడు కమిషనర్. సిబ్బంది కూడా కోరస్‌గా "అబ్బ" అన్నారు. చుట్టూ చేరిన జనం ఎన్నాళ్ళకో కడుపారా నవ్వారు. ఒకటో తరగతి పిల్లలైతే ఒడ్డు మీదే దొర్లారు.

లలితాంబ చప్పట్లు కొట్టింది. "అద్భుతం! క్షేత్రస్థాయిలో ఇంతటి నిబద్ధత నేను ఎక్కడా చూడలేదు. ఇక పైకి రావచ్చు."

విద్యానాథం పైకి వచ్చాడు. బురద కారుతోంది. ఒక తువ్వాలు అందుకుని, "నీళ్ళు," అన్నాడు.

కుళాయిల దగ్గర పనిచేసే మనిషి తల గోక్కున్నాడు. "సుక్కరారం గదా సార్ తానం."

అప్పుడు గాని కమిషనరుకు విషయం అందలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. కానీ తొక్కిన అడుసును అయిదు రోజులదాకా కడుక్కోకూడదన్న శాసనం పెద్దలకు కూడా తట్టలేదు. చొక్కా అయినా మార్చుకుందామంటే బీరువాలో ఉన్న బట్టలన్నీ మాసి, సోమవారం ఉతుకుడు కోసం ఎదురుచూస్తున్నాయి.

ఆయన లలితాంబ వైపు దీనంగా చూశాడు. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి.

"మీరు మినహాయింపు కోరరని నాకు తెలుసు విద్యానాథంగారూ. శుక్రవారం మీ తలంటు చూసిన తరవాతే మా నివేదిక పూర్తిచేస్తాం. కమిటీ అందాకా ఇక్కడే ఉంటుంది."

మిట్టమధ్యాహ్నానికి బురద ఎండింది. కమిషనర్ వరండాలో కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆనుకుంటే రాలుతుంది, కదిలితే పగులుతుంది, గోక్కుంటే గోళ్ళు పట్టవు. ఈగలు మాత్రం ఏ వారం అని చూడకుండా వచ్చాయి. పక్కన దక్షిణామూర్తి కూడా అదే రంగులో ఉన్నాడు. సర్వీసు మొత్తంలో మొదటిసారి ఆయన, "ఎందుకు సార్ ఇదంతా?" అని అడిగేశాడు.

ఏడుకొండలు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"మాస్టారూ," అన్నాడు కమిషనర్, పెదవులు మాత్రమే కదిపి. "మొన్న తమరొక సవరణ తెచ్చారు..."

"స్వప్రయోజనం ఉందన్నారు గదా సార్. చించేశా."

"మరొకటి వేయండి. రెండో ముద్రణ. గేదె రోజూ స్నానం చేసినట్టు వేయండి. సవరించిన ముద్రణ అయితే మేడంగారు అంగీకరిస్తారు. మూలకర్త చేతి బొమ్మ అయితే చాలు."

"వేస్తా సార్. కాకపోతే ఆకలితో చెయ్యి ఆడదు. నాలుగు ఇడ్లీ కడుపులో పడకపోతే గీత వంకర్లు పోతది."

విద్యానాథం కళ్ళు మూసుకున్నాడు. కనురెప్పల మీది బురద చిన్నగా రాలింది. "గిన్నె ఇచ్చేయండి," అన్నాడు.

తిరిగి ఇచ్చినట్టు బొమ్మ లేదని దక్షిణామూర్తి ఈసారి అనలేదు. తనే గోదాం తాళం తీసి, సాలెగూళ్ళు చేత్తో తప్పించుకుంటూ గిన్నెను వెతికి, నెత్తిన పెట్టుకుని ఏడుకొండలు వెంట నడిచాడు. వెనక కమిషనర్. ఆ వెనక ఊరు.

నాంచారమ్మ గుమ్మంలోకి వచ్చింది. గిన్నె అందుకుని మూత మీది సొట్టను వేలితో తడిమి చూసింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. కొంగుతో గిన్నె తుడిచి కళ్ళకద్దుకుంది.

"అమ్మా, తొందరగా నాలుగు ఇడ్లీ వేసిపెట్టండి," అన్నాడు కమిషనర్.

"పిండేదీ? పొయ్యి వెలిగించనిచ్చారా మీరు?" అంది నాంచారమ్మ. "ఇప్పుడు పప్పు నానబోస్తా. సాయంత్రం రుబ్బుతా. తెల్లారేతలికి పులుస్తది. పొద్దున్నే రండి."

"రేపు పొద్దుటిదాకానా?"

"ఒక రోజు మొదలెట్టి ఇంకో రోజు దించేదయ్యా ఇడ్లీ. మీ గేదె లెక్కలు దానికి తెలవదు."

ఆ సాయంత్రం ఆదివారమై ఉండి కూడా ఆ ఇంట్లో రోలు తిరిగింది. వాసన బృందం నాయకుడే పొత్రం పట్టాడు. కమిషనర్ అరుగు మీద కదలకుండా కూర్చుని, ఉండి ఉండి "పులిసిందా అమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడు.

తెల్లవారాక గిన్నె మూత తీస్తే ఆవిరి వీధి చివరిదాకా పోయింది. గడ్డాల మగవాళ్ళు, విస్తళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళు, బస్సు దిగినవాళ్ళు బారులు తీరారు. లలితాంబ కూడా వచ్చి, ఆనవాయితీగా 'నమూనా పరిశీలన' అంటూ మొదలుపెట్టి ఎనిమిది నమూనాలు పరిశీలించింది. ఏడుకొండలు తిని, చెయ్యి కడుక్కుని, షీటు పరిచి బొమ్మ వేశాడు. గేదె ఒక చేత్తో నీళ్ళు పోసుకుంటూ, ఒక చేత్తో గరిటె తిప్పుతూ, తోకతో అంట్లు తోముతోంది. కింద రాశాడు.

ఏ పని ఎప్పుడొస్తే అప్పుడు చేసుకునే గేదె

మేడం సంతకం పెట్టింది. కుళాయిలు తిరిగాయి. విద్యానాథం చొక్కాతో సహా కుళాయి కింద కూర్చుండిపోయాడు. సత్వర సవరణ విభాగంలో ఊరికి పురస్కారం కూడా వచ్చింది. అందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు, ఏదో ఒక విభాగంలో రాకుండా ఎక్కడికి పోతుంది?

జనం వెళ్ళిపోయాక నాంచారమ్మ చివరి వాయి దించి, రెండు ఇడ్లీ ఆకులో పెట్టి మొగుడి ముందు పెట్టింది.

"ఇంకా రెండు తినవయ్యా. నిన్న దక్షిణామూర్తి నెత్తిన గిన్నె చూస్తే నాకు నవ్వాగలా. ఆ బస్టాండు కూలీ ఏమన్నాడో తెలుసా..." అని మొదలుపెట్టింది. ఏడుకొండలు ఇడ్లీ తుంచుకుని, ఒక్క ముక్క కూడా పోనివ్వకుండా ఆవిడ చెప్పేదంతా విన్నాడు. అంత రుచిగా ఆ ఇడ్లీ ఎప్పుడూ అనిపించలేదు.

మళ్ళీ ఇలాంటి ఉపద్రవం రాకూడదని రెండో ముద్రణ అట్ట మీద అతనే సొంత దస్తూరీతో పెద్ద అక్షరాల్లో రాశాడు: 'ఇది గేదెలకు మాత్రమే.' ఇంతకంటే స్పష్టంగా ఎవరికైనా ఎలా చెబుతామని తృప్తిగా నిద్రపోయాడు.

ఆ పుస్తకాలు పంచిన మర్నాడే మైకు ఆటో మళ్ళీ వీధిలోకి వచ్చింది.

"ఇందుమూలముగా పురములోని గేదెల యజమానులకు తెలియజేయడమేమనగా, సదరు గేదెలు ఎప్పటి పని అప్పుడు చేసుకొనుచున్నవో లేదో పరిశీలించుటకు తనిఖీ బృందము ఇంటింటికీ రాగలదు. స్నానము, వంట, అంట్లు..."

ఏడుకొండలు కంచె దగ్గరికి పరుగెత్తాడు. జీపు అప్పటికే పిచ్చయ్య ఇంటి ముందు ఆగింది. దక్షిణామూర్తి ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో గరిటె పట్టుకుని పెరట్లోకి నడుస్తున్నాడు. గౌరి నెమరెయ్యడం ఆపి తలెత్తింది.

"నాంచారీ, ఇటు రావే! పాపం, ఆయనకు దాని సంగతి తెలియదు. పోయి చెప్పొస్తా."

నాంచారమ్మ పిండి చేత్తోనే వచ్చి అతని చొక్కా పట్టుకుని ఆపింది.

"పోనియ్యవయ్యా," అంది. "అది మనలాంటిది కాదు. పొడుస్తది."